బ్యారెన్ ద్వీపం: దేశంలో రగులుతున్న ఏకైక అగ్నిపర్వతం గురించి తెలుసుకోవలసిన విషయాలు

అండమాన్‌లో అగ్నిపర్వతం పేలిందన్న వార్త రెండు మూడేళ్ళకోసారి టీవీల్లో వస్తుంది. ఆ వెంటనే ఫోన్లలో సందేశాలు తిరుగుతాయి. సునామీ వస్తుందని కొందరు, చెన్నై, విశాఖ, గోపాల్‌పూర్ తీరాలు ఖాళీ చేయాలని ఇంకొందరు రాస్తారు. 2025 సెప్టెంబరులోనూ ఇదే జరిగింది. అండమాన్‌లో అన్నదమ్ములో, మేనమామలో, పిల్లనిచ్చిన వియ్యాలవారో ఉన్న తెలుగు కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి. తీరంలో స్థిరపడిన యానాం, గంజాం, చెన్నై తెలుగువారికి 2004 నాటి సముద్రం ఇంకా గుర్తుంది. అందుకే ఈ కొండ ఏమిటి, ఎప్పుడెప్పుడు రగిలింది, దాని వల్ల ఎవరికి ఎంత ప్రమాదం అన్నది ఒకచోట చేర్చి ఇస్తున్నాం.

ఒక్క చూపులో

- పేరు: బ్యారెన్ ద్వీపం. ఇంగ్లీషులో ఆ మాటకు అర్థం బంజరు అని.
- ఎక్కడ: అండమాన్ సముద్రంలో, పోర్ట్ బ్లెయిర్‌కు (2024 నుంచి అధికారిక పేరు శ్రీ విజయపురం) ఈశాన్యంగా సుమారు 140 కి.మీ.
- దూరం: విశాఖపట్నం నుంచి సుమారు 1,300 కి.మీ., చెన్నై నుంచి 1,450 కి.మీ. పైనే.
- వెడల్పు: సుమారు 3 కి.మీ.
- ఎత్తు: సముద్రమట్టానికి 354 మీటర్లు.
- జనాభా: లేదు.
- రకం: స్ట్రాటోవాల్కనో, అంటే పొరల అగ్నిపర్వతం.
- తొలి లిఖిత నమోదు: 1787.

మన పిల్లలు దీన్ని ఏమంటారు?

తమిళనాడు బడిలో చదివే పిల్లలకు ఇది ‘ఎరిమలై’. కర్ణాటకలోనూ మహారాష్ట్రలోనూ ‘జ్వాలాముఖి’. ఒడిశాలో ‘ఆగ్నేయగిరి’. తెలుగులో అగ్నిపర్వతం. లోపల కరిగి ఉన్న రాతిని మాగ్మా లేదా శిలాద్రవం అంటారు. అదే బయటికొచ్చి పారితే లావా. పొడిగా ఎగిరి పడితే బూడిద. ఇది పొయ్యిలో కట్టెలు కాలితే మిగిలే బూడిద లాంటిది కాదు. గాజు పెంకు, రాయి కలిపి మెత్తగా దంచినట్టుండే పొడి. ఊదితే ఎగిరిపోయే తేలిక పదార్థం అనుకోవద్దు. దీని సంగతి విమానాల దగ్గర మళ్ళీ వస్తుంది.

పొరల కొండ ఎలా పెరుగుతుంది?

గోదావరి జిల్లాల్లో మామిడి తాండ్ర చేసేటప్పుడు చాప మీద ఒక పొర పోసి, ఎండాక దాని మీద ఇంకో పొర పోస్తారు. స్ట్రాటోవాల్కనో కూడా అలాగే పెరుగుతుంది. ఒకసారి లావా పారి గడ్డకడుతుంది. మరోసారి బూడిద, రాళ్ళు ఎగిరి దాని మీద పడతాయి. ఇలా వేల ఏళ్ళు, లక్షల ఏళ్ళు పొర మీద పొర పేరుకుని కొండ నిటారుగా లేస్తుంది. జపాన్ ఫుజి, ఇటలీ వెసూవియస్, ఇండోనేషియా మెరాపి ఈ జాతివే.

దక్కన్ పీఠభూమి నల్లరాయి కూడా ఒకప్పటి లావాయే. పుణె, సతారా వైపున్న తెలుగు ఇళ్ళవారు రోజూ చూసే కొండలు అవే. సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందట భూమి పగుళ్ళలోంచి లావా వరదలా పారింది. ఆ వరద తూర్పున రాజమహేంద్రవరం దాకా వచ్చింది. యానాంకు ఎగువన కాతేరు, పంగిడి, దుద్దుకూరు ప్రాంతాల్లో కనిపించే నల్లరాయి అదే. కానీ అది శంఖు ఆకారపు కొండ నుంచి వచ్చింది కాదు. పైగా ఎప్పుడో ఆరిపోయింది. ఇవాళ దేశ భూభాగంలో సముద్రం పైన రగులుతున్న అగ్నిపర్వతం బ్యారెన్ ద్వీపం ఒక్కటే.

అక్కడే ఎందుకు పుట్టింది?

మనమున్న భారత ఫలకం మెల్లగా జరుగుతూ అండమాన్ దీవులకు పడమరగా సముద్రపు అడుగున తూర్పు ఫలకం కిందికి దూరుతోంది. దూరే రాతితో పాటు సముద్రపు నీరు కూడా లోతుకు పోతుంది. కొంత లోతుకు వెళ్ళాక ఆ నీరు రాతిలోంచి విడివడి పైనున్న వేడి రాతిలోకి చేరుతుంది. కుల్ఫీ బండి వాడు ఐసులో ఉప్పు వేస్తే ఐసు తొందరగా కరుగుతుంది కదా, ఇక్కడ నీరు చేసే పని కూడా అదే. కరగకూడని వేడికే రాయి కరగడం మొదలవుతుంది. కరిగిన రాయి తేలికై పైకి వస్తుంది. బ్యారెన్ ద్వీపం అలా పైకి వచ్చిన చోటు.

ఈ వరుస ఇక్కడితో ఆగదు. ఉత్తరాన నార్కొండం దీవి మీదుగా మయన్మార్‌లోని పోపా కొండ వైపు వెళుతుంది. దక్షిణాన సుమత్రా, జావా అగ్నిపర్వతాల గొలుసులో కలుస్తుంది. అంటే బ్యారెన్ ద్వీపం క్రకటోవా, తోబా, మెరాపిలకు దూరపు చుట్టం.

నీటిపైన కనిపించేది కొన మాత్రమే

354 మీటర్లు అంటే పెద్ద ఎత్తేమీ కాదు అనిపిస్తుంది. అయితే ఈ కొండ అడుగు సముద్రంలో సుమారు 2,250 మీటర్ల లోతున ఉంది. రెండూ కలిపితే దాదాపు 2,600 మీటర్లు. నీలగిరుల్లో ఊటీ దగ్గరున్న దొడ్డబెట్ట ఎత్తు 2,637 మీటర్లు. దొడ్డబెట్టను సముద్రంలో నిలబెట్టి, చివరి కొన మాత్రం నీటిపైకి వదిలితే ఎలా ఉంటుందో బ్యారెన్ ద్వీపం అలా ఉంటుంది.

దీవి మధ్యలో సుమారు 2 కి.మీ. వెడల్పున్న పెద్ద గిన్నె లాంటి గుంట ఉంది. దాన్ని కాల్డెరా అంటారు. చుట్టూ గోడలు 250 నుంచి 350 మీటర్ల ఎత్తు. చరిత్రకు ముందే, వేల ఏళ్ళ కిందట జరిగిన ఒక భారీ పేలుడులో కొండ నడుమ భాగం పోయి ఆ గిన్నె ఏర్పడింది. పడమటి వైపు గోడ తెగి సముద్రానికి తెరుచుకుంది. గిన్నె నడుమ బూడిద, రాళ్ళతో పేరుకున్న చిన్న శంఖువు ఉంది. ఇప్పుడు రగిలేది ఈ చిన్న శంఖువే. దాని నుంచి పారే లావా గిన్నె అడుగున పరుచుకుని, పడమటి తెరుపు గుండా సముద్రంలోకి దిగుతుంది.

ఇక్కడ నీటిపైన దొరికిన అతి పాత లావా వయసు సుమారు 16 లక్షల ఏళ్ళని శాస్త్రవేత్తలు లెక్కగట్టారు.

విస్ఫోటనాల చరిత్ర

*1787 – 1804: మొదటి నమోదులు.* ఆ దారిన వెళ్ళిన ఈస్టిండియా కంపెనీ నౌకల వారు 1787లో ఇక్కడ పొగ లేవడం చూసి రాశారు. అండమాన్ తీరాన్ని సర్వే చేసిన ఆర్చిబాల్డ్ బ్లెయిర్ 1789లో ఈ దీవిని దగ్గరగా చూశాడు. టన్నుల బరువున్న ఎర్రటి రాళ్ళు పైకి ఎగురుతున్నాయని రాశాడు. పోర్ట్ బ్లెయిర్ పేరు ఆయన నుంచి వచ్చిందే. 1795లోనూ, 1803–04లోనూ మళ్ళీ రగిలినట్టు నమోదులున్నాయి.

*19వ శతాబ్దం: చల్లారిన కాలం.* తర్వాత వచ్చిన యాత్రికులకు పెద్ద మంటలు కనిపించలేదు. శంఖువు నుంచి ఆవిరి, ఒడ్డున వేడినీటి ఊట మాత్రం చూశారు. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన ఎఫ్.ఆర్. మాలెట్ ఈ దీవినీ నార్కొండాన్నీ కలిపి 1885లో వివరమైన గ్రంథం వెలువరించాడు. ఆ తర్వాత వందేళ్ళ పాటు పాఠ్యపుస్తకాలు దీన్ని నిద్రాణ అగ్నిపర్వతం అనే చెప్పాయి. మనలో పెద్దవాళ్ళు బడిలో చదివింది అదే.

*1991: నిద్ర లేచిన ఏడు.* దాదాపు రెండు శతాబ్దాల మౌనం తర్వాత 1991 మార్చి చివర కొండ మళ్ళీ రగిలింది. ఆరు నెలలకు పైగా సాగింది. లావా సముద్రంలోకి పారింది. దీవి మీది జీవాలకు ఇది పెద్ద దెబ్బ. 1993 ఏప్రిల్‌లో వెళ్ళి చూసిన బృందానికి అంతకుముందు నమోదైన 16 రకాల పక్షుల్లో 6 రకాలే కనిపించాయి.

*1994–95.* డిసెంబరులో మొదలై తర్వాతి ఏడాది నడుమ దాకా సాగింది.

*2005 – 2007.* 2004 డిసెంబరు 26 మహా భూకంపం జరిగిన ఐదు నెలలకు, 2005 మే 28న మళ్ళీ మొదలైంది. ఆ భూకంపం కుదుపే దీన్ని లేపిందని కొందరు శాస్త్రవేత్తలు అంటారు. కొండ ఎలాగూ రగిలే దశలో ఉందని మరికొందరి వాదన.

*2017.* గోవాలోని జాతీయ సముద్ర అధ్యయన సంస్థ వారి ‘సింధు సంకల్ప్’ నౌక జనవరి 23న అక్కడే సముద్రపు అడుగు మట్టి సేకరిస్తుండగా కొండ ఒక్కసారిగా బూడిద కక్కింది. నౌకను మైలు దూరం జరిపి చూశారు. ఒక్కో విడత ఐదు నుంచి పది నిమిషాలు సాగింది. పగలు బూడిద మేఘమే కనిపించింది. పొద్దు గూకాక శంఖువు నుంచి ఎర్రటి లావా ఎగజిమ్మడం, వాలు మీద పారడం కళ్ళబడింది.

*2025.* సెప్టెంబరు 13, 20 తేదీల్లో చిన్నపాటి విస్ఫోటనాలు జరిగాయి. వాటి నడుమ 18న ఆ ప్రాంతంలో 4.2 తీవ్రతతో భూకంపం నమోదైంది. నౌకాదళం నౌక మీద నుంచి తీసిన వీడియో దేశమంతా తిరిగింది.

1991 నుంచి చూస్తే ఒక పద్ధతి కనిపిస్తుంది. పేలుళ్ళు తరచుగా వస్తాయి, కానీ చిన్నవి. గిన్నెలోని శంఖువు దాటి పెద్దగా పోవు. పాఠ్యపుస్తకంలోని ‘నిద్రాణ’ అన్న మాట మాత్రం ఇక చెల్లదు.

సునామీ వస్తుందా?

మనవాళ్ళ అసలు భయం ఇదే కాబట్టి కాస్త వివరంగా చెప్పుకోవాలి.

2004 సునామీకి కారణం అగ్నిపర్వతం కాదు. సుమత్రా నుంచి అండమాన్ దాకా సుమారు 1,300 కి.మీ. పొడవున ఫలకాల అంచు ఒక్కసారిగా జారింది. సముద్రపు అడుగు లేచి, నీటిని నెట్టింది. ఆ అల తమిళనాడులో వేలమందిని, ఆంధ్ర తీరంలో వందమందికి పైగా బలి తీసుకుంది. అండమాన్ నికోబార్ దీవుల్లోనూ వేలమంది పోయారు.

బ్యారెన్ ద్వీపంలో గిన్నె లోపల లావా ఎగజిమ్మడం అలాంటి పని చేయదు. కొద్దిపాటి లావా సముద్రంలోకి దిగితే ఆవిరి లేస్తుంది, ఒడ్డున నీరు సలసలా కాగుతుంది, అంతే. 1787 నుంచి ఇప్పటిదాకా ఈ దీవి వల్ల మన తీరానికి సునామీ వచ్చినట్టు నమోదు లేదు.

అలాగని అగ్నిపర్వతం వల్ల సునామీ రాదనడం కూడా తప్పు. 1883 ఆగస్టు 27న క్రకటోవా పేలినప్పుడు లేచిన అలలకు ఇండోనేషియాలో 36,000 మందికి పైగా చనిపోయారు. 2018 డిసెంబరు 22న అదే చోట పుట్టిన అనక్ క్రకటోవా పక్కభాగం సముద్రంలోకి విరిగిపడింది. 400 మందికి పైగా పోయారు. ముందు పెద్ద భూకంపం లేకపోవడంతో అక్కడి జనానికి హెచ్చరిక అందలేదు. కాబట్టి ప్రమాదం మంటలో కన్నా, కొండ పక్కభాగం పెద్దయెత్తున విరిగిపడటంలో ఉంది. మామూలు లావా ఎగజిమ్మడాన్నీ దీన్నీ ఒకటిగా చూడకూడదు.

ఈ గమనింపు బాధ్యత మోసే సంస్థ తెలుగు నేల మీదే ఉంది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్‌లో 2007 నుంచి దేశ సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రం పనిచేస్తోంది. భూకంప నమోదు యంత్రాలు, తీరంలోని అలల కొలబద్దలు, నడిసముద్రంలో అడుగున పెట్టిన పీడన యంత్రాలు పంపే లెక్కలను అక్కడ రేయింబవళ్ళు చూస్తారు. హెచ్చరిక అంటూ ఉంటే అది ఇన్‌కాయిస్ నుంచో జిల్లా యంత్రాంగం నుంచో రావాలి. ఎవరో పంపిన వీడియో హెచ్చరిక కాదు.

మరి ఎవరికి ప్రమాదం?

మొదట దీవికి దగ్గరగా వెళ్ళేవారికి. ఎగిరిపడే రాళ్ళు, విషవాయువులు, వేడి లావా దీవి మీదా ఒడ్డునా నిజమైన ముప్పు. చేపల వేటకు వెళ్ళే పడవల వారు కొండ రగిలే రోజుల్లో దూరంగా ఉండటమే మేలు. జనం ఉండే దీవుల్లో దగ్గరివి కూడా రమారమి 100 కి.మీ. దూరంలో ఉన్నాయి. అక్కడి ఇళ్ళకు లావా వల్ల ముప్పు లేదు.

రెండోది విమానాలకు. బూడిద మెత్తని గాజుపొడి అని పైన చెప్పుకున్నాం. జెట్ ఇంజను వేడికి అది కరిగి లోపల అంటుకుని ఇంజను ఆగిపోతుంది. 1982 జూన్ 24న జావాలోని గాలుంగ్గుంగ్ బూడిద మేఘంలో చిక్కిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానానికి నాలుగు ఇంజన్లూ ఆగాయి. కిందికి దిగాక అవి మళ్ళీ అందుకోవడంతో జకార్తాలో క్షేమంగా దిగింది. అందుకే బ్యారెన్ ద్వీపం బూడిద కక్కినప్పుడు ఆస్ట్రేలియాలోని డార్విన్ బూడిద సలహా కేంద్రం పైలట్లకు సమాచారం పంపుతుంది. మన బంధువుల విమానం ఆలస్యమైందంటే దాని వెనుక ఇలాంటి జాగ్రత్త ఉండవచ్చు.

అండమాన్ తెలుగువారు

2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో తెలుగు మాతృభాషగా రాయించుకున్నవారు దాదాపు 13 శాతం. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత స్థానం మనదే. వీరిలో ఎక్కువమంది శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి చేపల వేటకు, కూలి పనులకు వెళ్ళి స్థిరపడిన కుటుంబాలు. విశాఖ నుంచి ఓడ ప్రయాణం ఇప్పటికీ వీరికి పుట్టింటి దారి. మనలాగే వీరూ సొంత రాష్ట్రం దాటి తెలుగు నిలుపుకుంటున్నవారు. అందుకే అక్కడి కొండ వార్త మనకు దూరదేశపు వార్త కాదు.

పక్కనున్న నార్కొండం, బారాటాంగ్

నార్కొండం ఎత్తు సుమారు 710 మీటర్లు. అదీ అగ్నిపర్వతమే గాని, చరిత్రలో రగిలిన నమోదు లేదు. దట్టమైన అడవి ఉంది. ప్రపంచంలో మరెక్కడా లేని నార్కొండం హార్న్‌బిల్ పక్షి అక్కడే ఉంటుంది. ఆ పేరు ‘నరక కుండం’ నుంచి వచ్చిందని కొందరు చెబుతారు. అదే నిజమైతే ఆ పేరు మొదట పొగ కక్కే బ్యారెన్ ద్వీపానిదై, నావికుల పొరపాటు వల్ల పచ్చటి దీవికి మారి ఉండాలన్న ఊహ కూడా ఉంది.

యాత్రికులు చూసి వచ్చే బారాటాంగ్ ‘మట్టి అగ్నిపర్వతం’ వేరు. అక్కడ వాయువుల ఒత్తిడికి బురద బుడగలుగా పైకి వస్తుంది, లావా ఉండదు. రెంటినీ కలిపి వార్తలు రాయడం తరచూ జరుగుతోంది.

దూరపు బూడిద మన ఊళ్ళలో

ఇదే గొలుసులోని తోబా సుమారు 74,000 ఏళ్ళ కిందట సుమత్రాలో పేలింది. ఆ గుంట ఇప్పుడు సుమారు 100 కి.మీ. పొడవున్న సరస్సు. ఆ బూడిద 2,600 కి.మీ. దాటి వచ్చి ఇప్పటి నంద్యాల జిల్లా జుర్రేరు లోయలో, జ్వాలాపురం దగ్గర మీటర్ల మందాన పేరుకుంది. గిన్నెలు తోమే పొడికి పనికొస్తుందని దాన్ని తవ్వి అమ్మారు కూడా. ఆ బూడిద పొరకు కిందా పైనా ఆదిమానవుల రాతి పనిముట్లు దొరికాయి. ధారవాడలోని కర్ణాటక విశ్వవిద్యాలయానికి చెందిన రవి కోరిశెట్టర్, మైఖేల్ పెట్రాగ్లియా బృందం 2007లో దీన్ని ప్రకటించింది. అంత పెద్ద పేలుడు తర్వాత కూడా ఇక్కడ మనుషులు బతికారని వారి వాదన.

చూడాలనుకుంటే

బ్యారెన్ ద్వీపం వన్యప్రాణి అభయారణ్యం. యాత్రికులను ఒడ్డుకు దిగనివ్వరు. అనుమతి ఉన్న నౌక మీద నుంచి దూరంగా చూడవచ్చు. నల్లటి ఇసుక, వాలు మీద చల్లారిన లావా, అడవిబడిన మేకలు కనిపిస్తాయి. చుట్టూ నీళ్ళు చాలా స్వచ్ఛం కావడంతో లోతు ఈతగాళ్ళకు పేరున్న చోటు.

మళ్ళీ వార్త వస్తే

కొండ మళ్ళీ రగులుతుంది, అందులో అనుమానం లేదు. అప్పుడు మూడు సంగతులు చూడండి. ఒకటి, వార్త బ్యారెన్ ద్వీపం గురించా, బారాటాంగ్ బురద గురించా? రెండు, దానితో పాటు పెద్ద భూకంపం వచ్చిందా? 4, 5 తీవ్రత భూకంపాలు అక్కడ మామూలే. మూడు, ఇన్‌కాయిస్ ఏమంటోంది? ఈ మూడూ చూశాక అండమాన్‌లోని మనవాళ్ళకు ఫోన్ చేసి క్షేమం కనుక్కోండి. తీరంలో ఉన్నవారు మాత్రం ఒక్కటి మరవద్దు. కాళ్ళు నిలవనంతగా, చాలాసేపు భూమి కంపించినా, సముద్రం ఉన్నట్టుండి వెనక్కి తగ్గినా ఏ హెచ్చరిక కోసమూ ఆగకుండా ఎత్తైన చోటికి నడవాలి. 2004 నేర్పిన ఆ పాఠం పిల్లలకు ఇంట్లో, మన భాషలోనే చెప్పి ఉంచడం మంచిది.